వాననీటి లెక్క – మన చెక్కుబందీలు

(బళ్లారి గాంధీనగరమున మన సంఘ సభ్యుల సమావేశములో చేయబడిన ప్రసంగపాఠము)



ఈనాడు మేము ఎత్తుకొన్న విషయము వినుటకు కొంత పొడిగా తోచవచ్చును. ఊరిలో కురిసిన వాన ఎటు పారును, ఎంత వేగముగా పారును, పోవుచు తనతో ఏమేమి మోసికొనిపోవును అనుదానిని కంప్యూటరు సహాయమున ముందుగానే లెక్కించు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నిలిచితిమి. ఇది ఇంజనీర్ల పని గదా, మనకేల యని కొందరు తలపవచ్చును. ఆ లెక్కకు కావలసిన వివరములు కొన్ని ఇంజనీర్ల పటములలో దొరకవనియు, తరతరములుగా ఈ ఊర కాపురమున్న మనవంటివారి ఇండ్లలోని పాత పెట్టెలలో అవి దొరకవచ్చుననియు చెప్పుటయే మా ఉద్దేశము.

మన బళ్లారిలో ఏడాదికి కురియు వాన సుమారు 500 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వాన గల ఊరికి వరద లెక్క యెందులకని అడుగవచ్చును. ఆ 500 మిల్లీమీటర్లును ఏడాది పొడవున సమముగా పంచబడి కురిసినచో ఏ చిక్కును లేదు. కాని ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో, ఎండి గట్టిపడిన నేలమీద, ఏదో ఒక సాయంకాలము గంట రెండు గంటలలో కుండపోతగా దిగిపోవుట మనకు క్రొత్త కాదు. రైతు వానను పదునుతో కొలుచును. నేల ఎంత లోతు తడిసినదని చూచును. పట్టణమునకు కావలసిన కొలత వేరు. నేల త్రాగక విడిచిన నీరెంత, అది ఎన్ని నిమిషములలో వీధికి దిగినది అని పట్టణము అడుగవలసియున్నది.

మన ఊరి నడుమ రాతిగుట్టలు నిలిచియున్నవి. బండమీద పడిన చినుకు ఇంకదు. ఈ సంగతిని కోట కట్టించిన పూర్వులు చక్కగా ఎరిగియుండిరి. కొండ నెరియలలో దొనలు ఏర్పరచి, బండమీదినుండి జారు నీటిని అందు పట్టి, కోటలోనివారి దాహము తీర్చిరి. బండ ఎంత, దానిపై దిగు నీరెంత, దొన ఎంత యని వారు ఏదో ఒక లెక్క వేసియే యుందురు. నేడు మన మేడలు, సిమెంటు బాటలు, బండలు పరచిన పెరళ్లు కలిసి, ఊరిలో మిగిలిన నేలను గూడ మరియొక గుట్టగా చేయుచున్నవి. అయితే ఈ క్రొత్త గుట్టకు దొనలు లేవు.

ఒక చిన్న లెక్క చూతము. ఒక హెక్టారు సిమెంటు నేలపై గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో దిగు నీరు 500 ఘనమీటర్లు, అనగా 5 లక్షల లీటర్లు. 100 చదరపు మీటర్ల మిద్దెపై అదే వాన 5,000 లీటర్లు. ఎండకాలమున ఒక ట్యాంకరు నీటికై ఎంత ప్రాకులాడుదుమో తలచినచో, గంటలో వీధిపాలగు ఈ నీటి విలువ తెలియగలదు. మన ఊరికి త్రాగునీరు తుంగభద్ర కాలువలనుండి వచ్చుచున్నది. ఆ కాలువలు ఏడాది పొడవున పారవు. కనుక మనయందు వరదయు కరవును ఒకే ఇంటి అక్కచెల్లెండ్రు.

ఊరి కాలువను ఎంత వెడల్పున త్రవ్వవలెనను ప్రశ్నకు ప్రపంచమున చాల కాలము ఒకే సూత్రము సమాధానమిచ్చెను. ఐర్లండు దేశమున మల్వనీ అను ఇంజనీరు 1851లో దాని మూలభావమును వెల్లడించెను; అమెరికాలోని రాచెస్టరు నగరపు కాలువలకై కుయిచ్లింగ్ 1889లో దానిని వ్యవహారములోనికి తెచ్చెను. వాన తీవ్రతను నేల విస్తీర్ణముతో హెచ్చించి, అందు పారిపోవు పాలు ఎంతయో ఆ భిన్నముతో మరల హెచ్చింపవలెను. 10 హెక్టార్ల తోటభూమిపై గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, పదింట మూడు పాళ్లు పారినచో, కాలువకు సెకనుకు సుమారు 417 లీటర్లు వచ్చును. అదే భూమిపై ఇండ్లు, బాటలు వెలసి పదింట ఎనిమిది పాళ్లు పారినచో, సెకనుకు 1,100 లీటర్లు మించును. వాన హెచ్చలేదు, కాలువ మారలేదు. అయినను నీరు రెండున్నర రెట్లకు పైబడినది. తాతలనాడు మునుగని వీధి మనుమలనాడు మునుగుటకు కారణము వెదకువారు మొదట ఈ లెక్క వేసి చూడవలెను.

ఈ సూత్రము చిన్న స్థలమునకు చాలును గాని పెద్ద నగరమునకు చాలదు. వాన ఒక్క తీరుగ కురియదు; మొదట చినుకై, నడుమ ఉధృతమై, తరువాత సన్నగిల్లును. ఒక పేట నీరు పది నిమిషములలో కాలువ చేరును. మరియొక పేట నీరు గంటకు చేరును. రెండును ఒకేసారి కలిసినచో ఒక ఫలితము, వేరువేరుగా వచ్చినచో మరియొక ఫలితము. ఇట్టి వేలకొలది కూడికలను చేతితో చేయుట మానవసాధ్యము కాదు. ఇక్కడనే కంప్యూటరు అక్కరకు వచ్చినది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకొరకు 1969–71 సంవత్సరములలో, ఫ్లారిడా విశ్వవిద్యాలయమును రెండు ఇంజనీరింగు సంస్థలును కలిసి, నగరపు వాననీటి నిర్వహణకై ఒక గణన నమూనాను నిర్మించిరి. దాని ఆంగ్ల నామపు తొలి అక్షరములను బట్టి ‘స్వమ్’ అని వ్యవహరింతురు. అది పలుమార్లు తిరుగవ్రాయబడి, నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. ఎవరైనను వెల చెల్లింపకుండ తీసికొని వాడుకొనవచ్చును.

అది చేయు పని ఇట్టిది. నగరమును చిన్నచిన్న మడులుగా విభజింతురు. ప్రతి మడికిని విస్తీర్ణమెంత, వాలు ఎంత, అందు సిమెంటుచే కప్పబడినది నూటికెంత, గుంటలలో నిలుచు నీరెంత, నేల త్రాగు నీరెంత యని అంకెలు ఇత్తురు. నేల త్రాగుట వాన మొదట హెచ్చుగా నుండి, పోనుపోను తగ్గునని హోర్టన్ అను శాస్త్రజ్ఞుడు సూత్రీకరించెను. మన చుట్టుపట్ల నల్లరేగడిని చూచినవారికి దీనిని వేరుగ బోధింపనక్కరలేదు. నెరెలు విచ్చిన రేగడి మొదటి నీటిని గటగట త్రాగును, నెరెలు మూసికొన్న తరువాత నీరు పైననే నిలుచును. మడులనుండి దిగిన నీరు కాలువలలో ఎట్లు నడచునో లెక్కించుటకు సెయింట్ వెనాంట్ 1871లో ఇచ్చిన సమీకరణములును, మానింగ్ 1889లో వెల్లడించిన సూత్రమును ఆధారములు. ఏ మలుపున ఎన్ని గంటలకు నీరు పొంగునో, ఎంతసేపు నిలుచునో ఆ నమూనా నిమిషనిమిషమునకు చెప్పును.

మానింగ్ సూత్రమునుండి ఒక్క ఉదాహరణము మనవి చేయుదుము. మీటరు వెడల్పు, మీటరు లోతు గల కాలువ సగము పూడినచో అది సగము నీటినైనను మోయునని మనము అనుకొందుము. లెక్క వేసినచో నూటికి సుమారు 41 పాళ్లే మోయును. పూడిక గరుకుదనము చేరినచో ఇంకను తగ్గును. చెత్త ఒక జానెడు పేరుకొన్నదని ఉపేక్షించు వీధివారు, జానెడుకంటె హెచ్చు నష్టమునకు లోబడుచున్నారు.

ఇంతవరకు నీటి పరిమాణమును గూర్చి చెప్పితిమి. ఇక దాని గుణమును గూర్చి.

వానలేని దినములలో వీధులపై దుమ్ము, పేడ, నూనె, బండ్ల చక్రముల అరుగుదల, చెత్తకుప్పల కుళ్లు దినదినము పేరుకొనుచుండును. ఈ పేరుకొనుట కొంతవరకు పెరిగి ఒక హద్దున నిలుచును. వాన పడగనే నీటివేగమును బట్టి అది కడుగబడి కాలువ చేరును. నమూనాలో ఈ రెండును రెండు వేరు సూత్రములు: ఒకటి పేరుకొనుటకు, ఒకటి కడుగబడుటకు. వానకు వానకు నడుమ ఎడము ఎక్కువగు మనవంటి మెట్టసీమలలో మొదటి వాన మోయు మాలిన్యము హెచ్చు. పైకి నిర్మలముగ తోచు వాననీరు వీధి దాటునప్పటికి మురుగునీటితో పోటీపడును. అమెరికాలో 1978 మొదలు 1983 వరకు 28 ప్రాజెక్టులుగా జరిపిన పరిశీలనమున, నగరపు వాననీటిలో సీసము, రాగి, తుత్తునాగము విరివిగా కనబడినవి. మన దేశమున సీసము కలిసిన పెట్రోలు 2000 సంవత్సరమున నిలిపివేయబడినందున ఆ బాధ కొంత తగ్గినది. తక్కినవి అట్లే యున్నవి. ధూళికి, ఖనిజమును మోయు లారీలకు మన జిల్లాలో కొదువ లేదు.

బట్టల పరిశ్రమ గల మనవంటి ఊరిలో మరియొక జాగ్రత్త కలదు. రంగులనీరును ఇండ్ల మురుగును వాననీటి కాలువలో కలిసినచో, వానలేని నాడును ఆ కాలువ పారుచుండును. ఈ నీటిని వేరుగ కొలిచి నమూనాకు చెప్పనిచో లెక్క యంతయు తప్పిపోవును. ఉన్న మాలిన్యమునంతయు వానమీద మోపినట్లగును. కుళాయి నీరు విడిచి విడిచి వచ్చు ఊళ్లలో ఇది ప్రాణములతో ముడిపడిన సంగతి. గొట్టములో నీటి ఒత్తిడి లేని గంటలలో, పగిలిన అతుకుల ద్వారా ప్రక్కనున్న కాలువనీరు లోనికి పోగలదు. వాంతులు, విరేచనములు వ్యాపించిన తరువాత వైద్యుని పిలుచుటకంటె, ఏ వీధిలో కాలువనీరు గొట్టముపైకి ఎక్కునో ముందు తెలిసికొనుట మేలు గదా.

ఈ విషయమున తెలుగువారికి హైదరాబాదుకంటె పెద్ద పాఠశాల లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను బలిగొనెను. మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన నగరపు గోడలు పెంచి ఊరుకొనుటకు సలహా ఇయ్యలేదు. పైన ఎంత వాన కురిసినది, ఎన్ని చెరువులు తెగినవి, నది ఎంత మోయగలదు అని లెక్కించి, ఎగువ జలాశయములను సూచించెను. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. కంప్యూటరు లేని కాలమున జరిగిన ఆ లెక్కయే నేటి నమూనాలకు పెద్దన్న.

నదివరదకు ఆ లెక్క అడ్డుకట్ట వేసెను. ఊరిలోనే కురిసిన వాన మాట వేరు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి పల్లపు పేటలు మునిగినవి. ఆ పిమ్మట కిర్లోస్కర్ సలహా సంస్థవారు నాలాలను వెడల్పు చేయవలెనని 2003లో నివేదిక ఇచ్చిరి. నివేదిక ఉన్నను పని అంతగా సాగలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరమున సుమారు 19 సెంటీమీటర్లును, శివారులలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు పైగాను కురిసెను. పల్లెచెరువు కట్ట తెగెను. కొలది దినములకే గుర్రంచెరువు కట్టయు తెగెను. ఒక చెరువు మరవ పారి క్రింది చెరువునకు నీరు చేరు గొలుసుకట్టు మధ్యలో ఇండ్లు లేచుటచే ఆ నీరు ఇండ్లలోనికే చేరెను. వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు హైదరాబాదు నగర భాగములకు కంప్యూటరు నమూనాలు తయారుచేసి, ముంపు పటములు గీచిరి. విద్యకు కొరత లేదని తెలియుచున్నది. కొరత మరియొకచోట కలదు.

ఆ కొరత ఎక్కడ? నమూనాకు ఇచ్చిన అంకెలు నిజమైనచో ఫలితము నిజమగును. ఊహలైనచో ఫలితము అందమైన ఊహ యగును. కంప్యూటరు తెరపై రంగులలో కనబడినంత మాత్రమున పటమునకు ప్రామాణ్యము రాదు. కనుక జాగ్రత్తగల ఇంజనీరు ఒక గత వానను తీసికొని, నమూనా చెప్పిన లోతును నిజముగా నిలిచిన లోతుతో పోల్చి, అంకెలను సవరించును. పిదప మరియొక వానతో పరీక్షించును. రెండవ పరీక్షలో నెగ్గిననే దానిని నమ్మును. ఈ పరీక్షకు మూడు ఆధారములు వలయును: నిమిషముల లెక్కన వాన కొలత, నీరు నిలిచిన గుర్తులు, కాలువల నిజస్వరూపము.

మొదటిది వాన కొలత. ఉదయము ఎనిమిదిన్నరకు చూచు దినపు మొత్తము ఇచ్చట చాలదు. కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యముల పర్యవేక్షణ కేంద్రమువారి స్వయంచాలక వర్షమాపకములు 15 నిమిషములకొకసారి కొలతను పంపునట్టివి. నగరములలో ప్రతి 4 చదరపు కిలోమీటర్లకు ఒక వర్షమాపకము ఉండవలెనని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. మన నగరమున ఆ కొలతకు ఎన్ని లోటున్నవో నగరపాలక సంస్థను వ్రాతమూలకముగా అడుగుట పౌరులుగా మన హక్కు.

రెండవది ముంపు గుర్తులు. ఏ యేట ఏ నెలలో నీరు ఏ ఇంటి ఏ మెట్టువరకు వచ్చినదో పెద్దలకు తెలియును. గోడమీది చారను కొలిచి, తేదీతో వ్రాసి పెట్టినచో అది శాస్త్రమునకు సాక్ష్యమగును. నేడు పిల్లలచేతి ఫోనులు ఛాయాచిత్రముతోపాటు గడియను గూడ గుర్తించుచున్నవి. మునిగిన వీధిని చూచి వేడుకగ తీసిన ఆ చిత్రమునే, ఒక కొలబద్ద ప్రక్కన నిలిపి తీసినచో ఇంజనీరునకు ఎంతో ఉపకారము.

మూడవదియే మేము ముఖ్యముగ చెప్పవచ్చినది. కాలువ ఇప్పుడెక్కడ ఉన్నదో ఇంజనీరు చూడగలడు. నీరు పూర్వమెక్కడ పారెనో చూడలేడు. పూడ్చిన కుంట పూడ్చబడినను అది పల్లమే; వాన వచ్చిననాడు నీరు పాత దారిని వెదకికొని వచ్చును. ఈ జిల్లా 1953 అక్టోబరు వరకు మద్రాసు రాష్ట్రములోనిది. ఆనాటివియు, అంతకు పూర్వపువియు అగు క్రయపత్రములు, భాగపరిష్కార పత్రములు తెలుగున వ్రాయబడినవి మన కుటుంబములలో అనేకముల వద్ద కలవు. వాని చివర చెక్కుబందీలు ఉండును: తూర్పున ఫలానావారి దొడ్డి, పడమట బండిబాట, ఉత్తరమున వంక, దక్షిణమున కుంట కట్ట. ఆ వంక నేడు ఏ సందు అయినది? ఆ కుంట ఏ మైదానమైనది? పత్రము చేతబట్టి వీధిలో నిలిచి చూపగలవారు మనలో ఇంకను కొందరున్నారు. తెలుగు లిపి చదువలేని ఇంజనీరునకు అది మడచిన కాగితము. చదువగల మనకు అది నీటి పటము. చదువగలవారి సంఖ్య ప్రతి తరమునకు తరుగుచున్నది గనుక ఈ పని వాయిదాకు ఓర్వదు.

ఇందొక ధర్మసంకటము కలదు. దానిని దాచుట తగదు. ఆ చెక్కుబందీ పక్కింటివారి మేడ వంకలో నున్నదని చెప్పినచో మనము ఉత్సాహముగ చదువుదుము. మన ప్రహరీగోడయే వంకలో నున్నదని చెప్పినచో? మన దుకాణపు మెట్లే కాలువను కప్పియున్నవని చెప్పినచో? అప్పుడు పత్రమును పెట్టెలో పెట్టి తాళము వేయుట మానవస్వభావము. కాని నమూనాలో ఒక వంక దాచబడినచో దాని నీరు లెక్కలో మాత్రమే మాయమగును. వీధిలో మాయము కాదు. అది పల్లమున నున్న మరియొకరి గుడిసెలో తేలును. అచ్చటివారికి పత్రములు లేవు, పెట్టెలు లేవు, వరదనాడు ఎక్కుటకు మేడ లేదు. పాతకాపులమని చెప్పుకొను గౌరవము మనకు ఉన్నచో, పాతనిజమును చెప్పు బాధ్యతయు మనదే.

వంకలో నున్న ప్రతి గోడయు పడగొట్టవలెనని మేము చెప్పుట లేదు. నమూనా యొక్క ప్రయోజనమే అది: పడగొట్టకముందు ప్రయత్నించి చూచుట. మెట్ల క్రింద తూము పెద్దది చేసినచో ఏమగును, ఎగువ మైదానమున నీరు అరగంట నిలిపినచో ఏమగును, వీధిలో నూరు మిద్దెల నీటిని ఇంకుడు గుంటలకు మళ్లించినచో ఎంత తగ్గును అని కంప్యూటరులో ఖర్చు లేకుండ పరీక్షింపవచ్చును. నిజము చెప్పినవారికి ఇట్టి మార్గములు తెరచుకొనును. దాచినవారికి వరదయే తీర్పు చెప్పును.

కావున మా ప్రార్థన ఇది. ఒకటి, పాత పత్రములు గలవారు చెక్కుబందీల భాగమును మాత్రము నకలు వ్రాసి, ధరలు, వాటాలు మొదలగు సొంత విషయములు విడిచి, నీటిని తెలుపు మాటలను సంఘమునకు అందజేయవలెను. రెండు, ప్రతి వీధినుండి ఒకరు రాబోవు వానకాలమున ముంపు గుర్తులను తేదీ, గడియలతో వ్రాయవలెను. మూడు, ఈ పనిలో మన కన్నడ సోదరులను మొదటినుండి కలుపుకొనవలెను. వారి పత్రములలోని హళ్లములు, మన పత్రములలోని వంకలు ఒకే నీటి పేర్లు గదా. ఈ మూడును ఒకే పటముమీద గుర్తించి, దానిని నగరపాలక సంస్థ ఇంజనీర్లకు సమర్పింపవలెను. కాలువను కప్పుటకైనను, బాటను ఎత్తు చేయుటకైనను పూనుకొనుటకు ముందు నీటి లెక్కను ప్రజల ఎదుట పెట్టుడని అడుగుటకు అప్పుడు మనకు అర్హత కలుగును.

ఉత్తర కార్తె వచ్చుటకు ముందే ఈ జాబితా సిద్ధమైనచో, ఈ యేటి వానయే దానికి మొదటి పరీక్ష యగును.